మజ్జిగలో చుక్కలు

ఇన్నేళ్లుగా నేను ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం. మెట్ల కింద నిలబడి, ఒక మనిషి ముఖంలోకి చూస్తూ చెప్పాను. ఆ రోజు నుంచి అది నా మీద నుంచి దిగలేదు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టుకున్నాం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. అయినా దాపరికం దేనికి, మీ మీద కూడా నాకు కొంచెం అనుమానంగానే ఉంది. ఇది చదివి ఇంకెవరితోనో అంటారేమో, ఆవిడ ఫలానా అయి ఉంటుందని ఊహిస్తారేమో అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటూ బతకడం నాకు అలవాటైపోయింది. అందుకే నా పేరు రాయను. మిగతావాళ్ల పేర్లూ రాయను. ఊరు ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె అని మాత్రం చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. సైకాలజీలో ఎం.ఏ. చేసి, ఉద్యోగం లేక గుంటూరులో మా అత్తయ్య వాళ్లింట్లో ఉంటున్నాను. బ్రాడీపేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గర పని దొరికింది. డాక్టరుగారు అనుమానపు జబ్బు మీద పరిశోధన చేస్తున్నారు. ఆ జబ్బున్నవాళ్లను బయట చూస్తే మీరు పోల్చుకోలేరు. శుభ్రంగా పొలం చేసుకుంటారు, యార్డులో మిరపకాయల ధర దగ్గర గీచి గీచి బేరమాడతారు, హాస్యాలాడతారు. ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసు ముడిపడిపోతుంది. పక్క పొలంవాడు తనను చంపించబోతున్నాడని ఒకరికి, భార్యకు ఎవరితోనో సంబంధం ఉందని ఇంకొకరికి. ఎవరెన్ని చెప్పినా ఆ ముడి వీడదు. మందు వాడితే ఆ నమ్మకం పోతుందా, లేక నమ్మకం అలాగే ఉండి దాని వేడి మాత్రం తగ్గుతుందా? డాక్టరుగారు తెలుసుకోవాలనుకున్నది అదే. నెలకోసారి వాళ్ల ఇళ్లకు వెళ్లి, కూర్చుని, అడిగి రాసుకురావడం నా పని.

మీ నమ్మకం పదికి ఎంత అని అడిగితే పల్లెల్లో ఎవరూ చెప్పలేకపోయేవారు. పదేంటమ్మా, మార్కులా అని నవ్వేవారు. అప్పుడు నేనే అణాల్లో అడగడం మొదలుపెట్టాను. రూపాయికి ఎన్ని అణాలు నమ్ముతున్నారు? పెద్దవాళ్లు ఠక్కున చెప్పేసేవారు. పన్నెండణాలు, పద్నాలుగణాలు. డాక్టరుగారు విని, తల ఊపి, చాలా బాగుందన్నారు. ఆ మెప్పు నాకు బాగా రుచించింది. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసిన పనిలో ఆ రుచికీ వాటా ఉంది.

ఆ పల్లెలో ఒక రైతు ఉండేవాడు. యాభై దాటిన మనిషి. కొంత మిరప, కొంత పత్తి. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన భార్యను పిన్ని అనేదాన్ని. మా వైపు పెద్దవాళ్ల గడప తొక్కితే ఏదో ఒక వరస కలిపేస్తాం, అదేం గొప్ప కాదు. కానీ వరస కలిపాక వాళ్లు మంచం వాలుస్తారు, మంచినీళ్లిస్తారు, కడుపులో మాట చెబుతారు. ఆ వరసను నేను పనికోసం వాడుకున్నానా? ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

పిన్ని, ఆమె తమ్ముడు కలిసి తన తిండిలో కొంచెం కొంచెంగా విషం కలుపుతున్నారని ఆయన నమ్మకం. తమ్ముడు చీమకుర్తి వైపు గ్రానైటు పనిలో ఉండేవాడు. పొలం కోసమే ఇదంతా అనేవాడు బాబాయ్. ఎన్నణాలు అని అడిగితే, పదహారూ అన్నాడు. ఇందులో మరీ విడ్డూరం కూడా లేదు. ఆ ఏళ్లలో మా పత్తి పల్లెల్లో ఇంటింటా మంచం కింద పురుగుమందు డబ్బా ఉండేది. దాన్ని తాగి పోయినవాళ్ల గురించి ప్రతి బస్టాపులోనూ ఒక కథ వినబడేది. అలాంటిచోట కంచంలో విషం ఉందన్న అనుమానం ఆకాశం నుంచి ఊడిపడదు. కాకపోతే పిన్ని ఏమీ కలపలేదు. అది నాకు తెలుసు, డాక్టరుగారికి తెలుసు, ఇరుగుపొరుగుకూ తెలుసు.

మరి ఎలా తింటున్నారు బాబాయ్ అని అడిగాను ఒకసారి. అడగాల్సిన ప్రశ్నల్లో అదీ ఒకటి. ఆయన దాచకుండా చెప్పాడు. కూరన్నం కలిపి మొదటి ముద్ద పిన్నికి ఇస్తాడు. ఆమె మింగేదాకా రెప్ప వేయకుండా చూసి, అప్పుడు తను తింటాడు. నేను కూడా చూశాను. ఆ ముద్ద ఆమె గొంతు దిగుతుంటే నేను చేతిలో కాగితం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. మజ్జిగకు మాత్రం ఈ పరీక్ష లేదు. గేదె తనది. పాలు తనే పితుకుతాడు, తనే తోడు వేస్తాడు, పొద్దున్నే తనే చిలుకుతాడు. మగాడు కవ్వం పట్టుకున్నాడని వీధిలో నవ్వుకున్నా లెక్కచేసేవాడు కాదు. ‘దాంట్లో ఇంకోళ్ల చెయ్యి పడదమ్మాయ్. చివర్లో ఆ మజ్జిగన్నం తిన్నప్పుడే నా కడుపు చల్లబడేది’ అన్నాడు నవ్వుతూ. నేను రాసుకున్నాను.

చికిత్సకు ఒప్పుకుంటున్నట్టు ఆయన చేత సంతకం పెట్టించింది నేనే. నా ముఖం చూసి పెట్టాడు. ఇచ్చిన మాత్రలు మాత్రం కాలవలో పారేశాడు. అదీ నాతోనే చెప్పాడు. నాకేం జబ్బమ్మా, జబ్బు దానికీ దాని తమ్ముడికీ అన్నాడు. మందు వేసుకోనివాళ్లను పరిశోధన నుంచి తీసేయాలి, వేసుకునేవాళ్లకు అది మందని చెప్పే ఇవ్వాలి. ఇవి డాక్టరుగారు పెట్టుకున్న నియమాలు. అంటే ఆ రోజే నేను క్లినిక్‌కి వెళ్లి, ఈయన వేసుకోవడం లేదండీ అని చెప్పాలి. చెప్పలేదు. అప్పటికే చాలామంది మధ్యలో మానేశారు. డాక్టరుగారి ముఖం రోజురోజుకీ ముడుచుకుంటోంది. పని సవ్యంగా పూర్తయితే ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టుకు నా గురించి చెబుతానని ఆయన మాటిచ్చి ఉన్నారు.

అదే రోజు పెరట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ పిన్ని ఏడ్చింది. కాయల ఘాటుకు కళ్లు మండుతున్నాయేమో అనుకున్నాను మొదట. ‘ఆయన నాలుగు మెతుకులు అనుమానం లేకుండా తింటే చాలమ్మా, నాకింకేం వద్దు’ అంది. ఆ ఏడుపు చూసే నేనా పని చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నన్నెవరైనా ఎన్నణాలు నమ్ముతున్నావని అడిగితే? పిన్ని కోసం ఆరణాలు అనుకుంటాను. ఎనిమిది అనాలని ఉంది, నోరు రావడం లేదు. మిగతాది నా కోసమే.

మాత్ర మింగలేనివాళ్లకని క్లినిక్‌లో చుక్కల మందు ఉండేది. రంగు లేదు, రుచి లేదు. ఒక సీసా నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. డాక్టరుగారికి చెప్పలేదు. ఎప్పుడైనా బయటపడితే క్లినిక్‌దని తెలియకూడదని, దాని మీది కాగితాన్ని బస్సులో కూర్చుని గోళ్లతో గీకి తీసేశాను. ఇంత ముందుచూపు ఉన్న మనిషి జాలితో ఆ పని చేసిందంటే మీరు నమ్ముతారా? నేనైతే నమ్మను.

సీసా చేతిలో పెడితే పిన్ని భయపడింది. తెలియకుండా పెట్టడం తప్పు కాదా అమ్మా అంది. మంచికే కదా పిన్నీ అన్నాను. ఎందులో కలపను, మొదటి ముద్ద నేనే కదా తినాలి అంది. మజ్జిగలో అన్నాను. వెంటనే అన్నాను. ఆలోచించుకోవాల్సిన పని కూడా లేకపోయింది. ఆ ఇంట్లో ఆయన నమ్మిన ఒకే ఒక్క వస్తువు అది. నన్ను నమ్మి చెప్పాడు కాబట్టి నాకు తెలిసింది.

మందు పనిచేసింది. పనిచేయలేదని చెప్పి తప్పించుకునే దారి కూడా లేదు నాకు. పదహారణాలు పన్నెండయ్యాయి, తర్వాత ఎనిమిదయ్యాయి. బావమరిది వస్తే పక్కన కూర్చుని భోంచేశాడు. ఒక నెల నేను వెళ్లేసరికి పిన్ని ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. మొదటి ముద్ద ఆయనే తింటున్నాడట, తనను తినమని అనడం మానేశాడట. ఆ రోజు ఆమె ముఖం నేను మర్చిపోలేను. పాతికేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది.

ఆ రోజే బాబాయ్ నన్ను అడిగాడు. ‘నా ఇంట్లో ఎవరూ ఏమీ కలపట్లేదంటావా?’ సూటిగా చూస్తూ అడిగాడు. ఎవరూ ఏమీ కలపడం లేదు, నా మాట నమ్మండి బాబాయ్ అన్నాను. నువ్వు చెప్తే నమ్ముతా అన్నాడు. ఆ పూట ఎన్నణాలు అని అడిగితే, నాలుగు వేసుకో అన్నాడు. వేసుకున్నాను. తిండిలో ఏమీ లేని రోజుల్లో రూపాయికి రూపాయి అనుమానించిన మనిషి, రోజూ మజ్జిగలో చుక్కలు పడుతున్న రోజుల్లో నిశ్చింతగా ఉన్నాడు. నా మాట మీద. దాన్ని గుణం కనిపించడం అని రాశాను. డాక్టరుగారు చాలా సంతోషించారు.

పంట కోతల రోజులు. పొలం నుంచి ఒక పొద్దున ఆయన పెందలాడే ఇంటికొచ్చాడు. పిన్ని మజ్జిగ కుండ మీద వంగి ఉంది. చేతిలో సీసా. ఆయన అరవలేదు, కొట్టలేదు. సీసా జేబులో వేసుకుని, చీర మార్చుకోమని, ఆమెను వెంటబెట్టుకుని బస్సెక్కి తిన్నగా బ్రాడీపేట వచ్చాడు. నా దగ్గరికి.

క్లినిక్ మేడ మీద. ఎవరో పిలుస్తున్నారంటే కిందికి దిగాను. మెట్ల కింద స్కూటర్ల పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆయన జేబులోంచి సీసా తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

‘ఇది నా మజ్జిగ దగ్గర దీని చేతిలో ఉందమ్మాయ్. ఏందంటే చెప్పదు. ఊళ్లో ఎవరికీ చెప్పలా నేను. ముందు నిన్నడగాలని వచ్చా. ఇది మీ ఆసుపత్రిదేనా? నువ్విచ్చావా?’

నేను తలెత్తి చూశాను. పైన డాక్టరుగారి గది కిటికీ తెరిచి ఉంది.

‘నువ్విచ్చావంటే నాకే బాధా లేదు. మందనుకుని తాగుతా. ఇక్కడే, నీ ఎదురుగానే తాగుతా. నువ్వివ్వలేదంటే మాత్రం, నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది ఇదేనమ్మా.’

పిన్ని నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు కాదు, బెదిరిస్తున్నట్టూ కాదు. నేనేం చేస్తానో చూస్తోంది, అంతే.

‘నాకు తెలియదండి’ అన్నాను.

బాబాయ్ అని పిలవలేదు. అండి అన్నాను. వరస కూడా అక్కడే వదిలేసుకున్నాను.

ఆయన అరచేతిలో సీసా వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత సీసా జేబులో పెట్టుకున్నాడు. ‘మంచిదమ్మా. నువ్వన్నా నిజం చెప్పావు’ అన్నాడు. పద అన్నాడు పిన్నితో. ఆమె పమిట భుజం చుట్టూ కప్పుకుని ఆయన వెనకాలే నడిచింది. ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదు? ఆ అమ్మాయే ఇచ్చింది అని ఒక్క ముక్క అంటే చాలు. అంటుందేమోనని వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నేను ఊపిరి బిగబట్టి చూశాను.

ఆ తర్వాతిది మీరు ఊహించుకోగలరు. పేరు లేని సీసా, దాచుకున్న భార్య. మా పల్లెల్లో దానికి ఒక మాట సిద్ధంగా ఉంటుంది, పెట్టుడు మందు అని. ఆమె అమాయకురాలన్న ఊరే, మొగుణ్ణి లొంగదీసుకోవడానికి పెట్టిందని తీర్పు చెప్పింది. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినదాన్ని, ఒక ఆడదాని చేతికి కాగితం పీకేసిన సీసా ఇస్తే ఏమవుతుందో నాకు తట్టాలి. తట్టలేదు. పెద్దమనుషులు పిన్నిని తమ్ముడి దగ్గరికి పంపేశారు. ఆమె వెళ్లింది తమ్ముడి ఇంటికే కాబట్టి బాబాయ్‌కి ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది. ఆయన గేదెను అమ్మేశాడని మాత్రం, ఆ ఊరి నుంచి క్లినిక్‌కి వచ్చే ఇంకొకరు చెబితే విన్నాను.

మందు మానేశాడు, అనుమానం తిరగబెట్టింది అని రాసి ఆయన కాగితాలు మూసేశాను. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. డాక్టరుగారు మాట నిలబెట్టుకున్నారు. నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది.

అప్పటి నుంచి అనుమానం నాకు పట్టుకుంది. ఫోను మోగితే, పిన్ని డాక్టరుగారికి చెప్పేసిందేమో. కాలేజీ ఆఫీసు ముందు నేత చీర కట్టుకున్న పల్లెటూరి ఆవిడ కనిపిస్తే, నా కోసమే వచ్చిందేమో. తోటి లెక్చరర్లు నేను రాగానే మాట ఆపితే, వాళ్లకు తెలిసిపోయిందేమో. ఏటా పాఠం చెప్పాలి కదా, అనుమానపు జబ్బంటే ఆధారం లేని గట్టి నమ్మకం అని. ఆధారం లేదని మనకెలా తెలుస్తుంది మేడమ్ అని ఒక పిల్ల అడిగింది ఒకసారి. దగ్గరి మనుషుల్ని అడగాలమ్మా అన్నాను. అనేసి, బోర్డు వైపు తిరిగి చాలాసేపు తుడిచాను. నా అనుమానాలకు ఆధారం ఉంది. అందుకని అది జబ్బు కాదు. దానికి మందు కూడా లేదు.

కొన్నేళ్లకు పరీక్షల డ్యూటీ మీద చీమకుర్తి వెళ్లాల్సి వచ్చింది. పొద్దున్నే టిఫిను కోసం రోడ్డు మీదికి వచ్చాను. రాళ్ల లారీలు ఆగేచోట ఒక దోసెల బండి. పెనం వెనక పిన్ని. జుట్టు నెరిసింది. విషం పెట్టిందని ఇంట్లోంచి గెంటించుకున్న మనిషి, పరాయి రాష్ట్రాల డ్రైవర్లకు పొద్దుటి నుంచి వండి పెడుతోంది. వాళ్లు ఆమె ముఖం కూడా చూడకుండా తింటున్నారు. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. అప్పటికే ఆమె నన్ను చూసింది.

కూర్చో అమ్మా అని స్టూలు చూపించింది. దోసె వేసి ఇచ్చింది. బాబాయ్ పోయి రెండేళ్లయిందని తనే చెప్పింది. జ్వరం. ఒక్కడే ఉన్నాడు, తనే వండుకునేవాడు. కబురొస్తే వెళ్లిందట. ఇంట్లో ఒక గిన్నె, ఒక గ్లాసు, పొయ్యి. అంతే ఉన్నాయట.

దోసె పక్కన పెట్టేశాను. ఆ రోజు మెట్ల కింద ఎందుకు చెప్పలేదు పిన్నీ అని అడిగాను. నా పేరు చెబితే సరిపోయేది కదా అన్నాను. ఇది కూడా నిష్ఠూరంలాగే వచ్చింది నా నోట్లోంచి, చూడండి నా సంగతి.

పిన్ని అట్లకాడతో పెనం గీకుతూ చెప్పింది. ‘నన్నెట్టాగూ నమ్మడమ్మా. లోకంలో ఆయన నమ్మింది నిన్నొక్కదాన్నే. నీ మీద కూడా పోతే ఆయనకి ఇంకెవరున్నారని నోరు మూసుకున్నా. పోన్లే, నువ్వన్నా నెలనెలా వెళ్తుంటావు, ఓ కంట చూస్తావు అనుకున్నా.’

ఒక గరిటె పిండి పోసి, గుండ్రంగా తిప్పి, అప్పుడు తలెత్తింది.

‘వెళ్లావా?’

వెళ్లలేదు అన్నాను. ఆమె తల ఊపింది. ఎవరో డ్రైవరు చట్నీ అడిగితే అటు తిరిగింది. మళ్లీ నా వైపు చూడలేదు.

క్షమించమని అడగలేదు నేను. అడిగితే పోన్లే అమ్మా అనేసేదేమో. ఆ పోన్లేను నేను నమ్మగలిగేదాన్ని కాదు. ఇన్నాళ్లూ ఆమె భయం వల్లో, అమాయకత్వం వల్లో ఊరుకుందని అనుకున్నాను. ఎప్పుడైనా బయటపెడుతుందని ఆమెనే అనుమానించాను. ఆమె మాత్రం తన కాపురం వదులుకుని, మొగుడి దగ్గర నా మాట నిలబెట్టింది, ఆయనకు ఒక మనిషి మిగలాలని. ఆ మనిషిని నేను. నేను ఆ ఊరి బస్సు కూడా ఎక్కలేదు.

ఆ పల్లెలో పిన్ని పేరెత్తితే ఇప్పటికీ మొగుడికి మందు పెట్టిన ఆడదనే అంటారు. అక్కడికి వెళ్లి రచ్చబండ మీద నిలబడి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. అందుకని మీతో చెబుతున్నాను. సీసా ఇచ్చింది నేను. కలపమన్నది నేను. బాబాయ్ అనుమానం ఆ రోజుల్లో నిజం, ఆయన అనుమానించాల్సింది మాత్రం తన భార్యను కాదు.

రాసేశాను. ఇంట్లోవాళ్లు బజారు నుంచి వచ్చే వేళయింది, ఈ కాగితాలు ఎక్కడ పెట్టాలా అని అప్పుడే చూస్తున్నాను. అయినా కాస్త ఊపిరాడుతోంది. దానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. ఆడుతోంది, అంతే.